గుమ్మానికో నక్షత్రం

న్యూ టౌన్, కోల్‌కతా
అక్టోబరు 25

గౌరవనీయులైన పుష్పరాణి వదిన గారికి,

మీ తమ్ముడి భార్య కౌముది నమస్కరించి రాయునది. ఉత్తరం ఇలా మొదలుపెట్టాలని చిన్నప్పుడు బడిలో నేర్పారు. తర్వాత ఏం రాయాలో నేర్పలేదు. కాబట్టి ఇక నా ఇష్టం.

ఒకే ఊళ్ళో ఉంటూ ఉత్తరమేమిటి, ఫోను లేదా అంటారేమో. ఉంది. కానీ ఖిదిర్‌పూర్‌లో మీ గది ఒకటే, మంచం ఒకటే, ఆ మంచం మీద నానమ్మ. ఆవిడకి పిలిస్తే వినబడదు, గుసగుసలాడితే వినబడుతుందని మీరే చెప్పారు. మెసేజ్ పెడదామంటే మీ ఫోను ఎప్పుడూ పిల్లల చేతిలోనే. ఉత్తరానికి ఆ భయం లేదు. మీ తమ్ముడికి తెలుగు మాట్లాడటమే గాని చదవడం రాదు. మీ పిల్లలకీ అంతే. అందుకే ప్రతి ఆదివారం నానమ్మను చూడ్డానికొచ్చే విశాల్ చేతికే ఈ కవరు ఇస్తున్నాను. ఏముందని అడిగితే జాకెట్టు కొలతలన్నాను. నమ్మాడు. మంచివాడు వదినా, పాపం.

అసలు సంగతికొస్తాను. నేనొక కటింగ్ మెషిన్ కొన్నాను. వీడియో కాల్‌లో చూసి మా అమ్మ "ఏందే గిది, రొట్టెల డబ్బానా?" అంది. అంతే ఉంటుంది. లాప్‌టాప్‌లో బొమ్మ గీసి, జిగురు పూసిన చిన్న ప్లాస్టిక్ చాప మీద దళసరి కాగితం అంటించి లోపలికి తోస్తే, బ్లేడు చకచకా తిరిగి అదే బొమ్మ కోసి ఇస్తుంది. గంట గీస్తే గంట, పువ్వు గీస్తే పువ్వు. ఈ ఉత్తరంతో పెట్టిన క్రిస్మస్ కార్డు దాని మొదటి కాన్పు. గొర్రెపిల్ల కుక్కలా ఉందని విశాల్ అన్నాడు. మీరు అనకండి.

ఎందుకు కొన్నానో కూడా చెప్పేస్తాను, దాచుకుంటే నాకు కడుపుబ్బుతుంది. పోయిన క్రిస్మస్ ముందు సాయంత్రం మీ గుమ్మంలో పట్టుచీర కట్టుకుని నిలబడ్డాను. క్యారల్స్ పాడేవాళ్ళు వచ్చారు. గుమ్మానికి కట్టిన నక్షత్రం కింద వేలాడే చీటీ పట్టుకుని మల్లేశు బాబాయి గారు ఇంట్లోవాళ్ళ పేర్లు చదివారు. నరసమ్మ, అశోక్‌కుమార్, పుష్పరాణి, పిల్లలిద్దరు, విశాల్. అంతే, డోలు మోగింది. నా పేరు లేదు. క్వార్టర్ల లైనంతా నా వంక చూసింది. నేను నవ్వేసి కేకు తిన్నాను. తిరిగి వచ్చేటప్పుడు క్యాబ్‌లో మాత్రం ఏడుపు ఆగలేదు.

పెళ్ళై రెండేళ్ళవుతోంది. రిజిస్ట్రారు ఆఫీసులో చేసుకున్నామని, వరంగల్ నుంచి ఊడిపడ్డానని, మీ చర్చి పిల్లను కాదని నానమ్మకి కోపముంటే ఉండనీ. ఇప్పటికీ 'ఆ అమ్మాయి' అంటారు తప్ప పేరు పెట్టి పిలవరు. అదీ పోనీ. కానీ ఆ చీటీలో నా పేరు ఉండాలి వదినా. ఈ ఏడాది ఉండి తీరాలి. ఆ చీటీలు ఎవరు చేస్తారు? నేను చేసిస్తే పనికొస్తాయా?

మీ మరదలు
కౌముది


ఖిదిర్‌పూర్
నవంబరు 2

మరదలు పిల్లా,

'గౌరవనీయులైన' అని చదవగానే ఎవరికో రాశావనుకుని వెనక్కి తిరిగి చూశాను. ఇంకోసారి అలా రాస్తే ఉత్తరం తిప్పి పంపిస్తాను. నేను తెలుగు నేర్చింది చర్చిలో ఆదివారం బడిలో. అందుకే నా రాత పద్ధతిగా ఉంటుంది, నోరు మాత్రం లైనులో నోరే.

నీ గొర్రెపిల్ల కుక్కలా లేదు. మేకలా ఉంది.

విశాల్ కవరు ఇస్తుంటే నానమ్మ చూసింది. "ఏటే అది?" అంది. జాకెట్టు కొలతలన్నాను. "అంత లావు కవరేటి? ఎవులికే ఆ జాకెట్టు, ఏనుక్కా?" అంది. ఈసారి పల్చటి కాగితం మీద రాయి.

చీటీల సంగతి చెప్తాను విను. మా తాతలు శ్రీకాకుళం వైపు నుంచి కార్పొరేషన్ పనికి వచ్చినప్పుడు ఈ క్వార్టర్ల లైనుకి నంబర్లు లేవు. క్యారల్స్ వాళ్ళకి ఏ గుమ్మం ఎవరిదో తెలియాలని నక్షత్రం కింద చీటీ కట్టడం మొదలైంది. చీటీలో ఉన్న పేర్లన్నీ చదివి, ఆ పేర్లతో ప్రార్థన చేసి ముందుకు వెళ్తారు. బిడ్డ పుట్టినా, కోడలు వచ్చినా ముందు ఈ చీటీకెక్కాలి, రేషన్ కార్డుకి తర్వాత. పెళ్ళాంతో పోట్లాడి గార్డెన్ రీచ్‌లో వేరే గది తీసుకున్న తిరుపతిరావు, చీటీలో తన పేరు లేదని విని ఆ సాయంత్రమే మూటతో ఇంటికొచ్చేశాడు. బతిమాలినా రానివాడు!

ఈ చీటీలు కోసేది మన నానమ్మే. స్వీటు డబ్బాల అట్టలు, పాత క్యాలెండర్లు పోగేసి, చీటీలను కూడా చిన్న నక్షత్రాలుగానే కోస్తుంది. ఆవిడకి చదువు రాదు కనక పేర్లు ఆవిడ చెప్తే మల్లేశు బాబాయి రాస్తాడు. ఎవరి పేరు ఎక్కడుండాలో ఆవిడ మాటే మాట, పాస్టరు గారు కూడా అడ్డు చెప్పరు. నీ పేరు గురించి పోయినేడే అడిగాను. "ఆ అమ్మాయి పేరు ఇక్కడెందుకే?" అని అటు తిరిగి పడుకుంది. నీకు చెప్పలేదు. చెప్తే బాధపడతావని.

ఇప్పుడొక కష్టమొచ్చింది, అందులోనే నీకు దారీ ఉంది. నానమ్మ కుళాయి దగ్గర జారింది. మణికట్టు వాచి బూరెలా అయింది. కత్తెర పట్టలేదు. పోనీ నేను కోస్తానంటే "నా కత్తెర ముట్టుకున్నావంటే సెయ్యి ఇరిసేత్తాను" అంది, ఆ వాచిన చెయ్యే ఎత్తి. సెమీ క్రిస్మస్ దగ్గరపడుతోంది, చీటీలు లేవు. బజారులో మెషిన్ మీద కోసే దుకాణం ఒకటుందని, ఈ ఒక్క ఏడాదికి అక్కడ చేయిస్తానని ఆవిడతో చెప్పాను. సరేనని అనలేదు, కాదనీ అనలేదు. పోయినేటి చీటీ ఒకటి దీంతో పెడుతున్నాను. ఆ నమూనా చూసి ఒకటి చేసి పంపు. ఆ దుకాణం నువ్వే.

వదిన
పుష్ప


న్యూ టౌన్
నవంబరు 8

వదినా,

('గారు' తీసేశాను. చల్లబడ్డారా?)

మొదట పేర్లు కూడా బ్లేడుతోనే కోద్దామనుకున్నాను, అట్టలోంచి వెలుతురు వస్తే అందంగా ఉంటుందని. కోసింది. తలకట్లన్నీ అక్షరాల నుంచి ఊడి నేలమీద పరుచుకున్నాయి! గుడులు ఒకచోట, కొమ్ములు ఒకచోట. నరసమ్మ గారి పేరు చాట నిండా ఏరుకున్నాను గాని మళ్ళీ కూర్చలేకపోయాను. ఇంగ్లిషు అక్షరాలకి ఈ బాధ లేదు, దాదాపు అన్నీ ఒకే ముక్క. మర్నాడు విశాల్ చొక్కాకి రెండు తలకట్లు, ఒక దీర్ఘం అంటుకుని ఆఫీసుకి వెళ్ళాయట. బెంగాలీ కుర్రాడొకడు "డిజైన్ బాగుంది దాదా" అన్నాడట. ఈయన థాంక్స్ చెప్పి వచ్చాడు.

తర్వాత తెలిసింది, బ్లేడు పక్కనే పెన్ను పెట్టే చోటు కూడా ఉందని. ఇప్పుడు పేర్లు పెన్నుతో రాస్తుంది, చుట్టూ నక్షత్రం బ్లేడుతో కోస్తుంది. చేతిరాతలా ఉంటుంది. మల్లేశు బాబాయి గారి రాత కంటే బాగుంటుందని నేననను, మీరే అంటారు.

నమూనాలో ఒక లోపం ఉంటే సరిచేశాను. నానమ్మ నక్షత్రానికి కింది కాలు మిగతావాటికి రెండింతలుంది, పైగా వంకర. పాపం, పెద్దావిడ చెయ్యి కదిలినట్టుంది. నేను స్కేలు పెట్టి కొలిచి అయిదు కాళ్ళూ సమానం చేశాను. బంగారు రంగు కాగితం మీద ఎంత ముద్దొస్తోందో చూడండి. ఈ ఒక్క నక్షత్రంతో నానమ్మ మనసు కరిగిపోతుందని నా నమ్మకం.

కౌముది


ఖిదిర్‌పూర్
నవంబరు 16

ఓలమ్మో కౌముదీ,

ఎంత పని చేశావే! నానమ్మ నీ నక్షత్రాన్ని చేతిలో పట్టుకుని ఇటు తిప్పి అటు తిప్పి చూసింది. నేను పక్కనే నిలబడి, 'ఇప్పుడు కరుగుతుంది, ఇప్పుడు కరుగుతుంది' అనుకుంటున్నాను. "ఇదేటే? ఇది ఆగిన నచ్చత్రమా, ఎగిరిపోతన్న నచ్చత్రమా? కాలేదీ?" అంది. "ఆ దుకాణమోడికి బుర్ర నేదు. ఒక్క బుర్ర నేకపోతే పోనీ, కళ్ళు కూడా నేవేటి?" అంది. దుకాణమోడివి నువ్వే కదా, భద్రంగా అందుకో.

ఆ కాలు వంకర కాదట. ఇన్నేళ్ళు పక్కన ఉండి నాకూ తెలియదు. తూర్పున బయల్దేరిన నక్షత్రం నడిచి నడిచి, బిడ్డ ఉన్న ఇంటి మీద ఆగింది కదా. ఆగిందంటే కాలు ఆనించాలట. అందుకే కింది కాలు పొడుగు. ఆ కాలు ఆ ఇంటి గుమ్మం వైపుకే తిరగాలి. నక్షత్రం గుమ్మానికి కుడి పక్కన కడితే కాలు ఎడమకి, ఎడమ పక్కన కడితే కుడికి, నడుమ కడితే తిన్నగా, ఎంత దూరంలో కడితే అంత వంపు. కాబట్టి ఏ రెండిళ్ళ చీటీలూ ఒకలా ఉండవు. ఒక్కో గుమ్మం తలుచుకుంటూ కోస్తుందట ఆవిడ. నేను ఇన్నాళ్ళూ అట్ట వంకరనుకున్నాను!

కళ్ళు మూసుకుని ఆ చివర నుంచి ఈ చివరకి ప్రతి గుమ్మమూ చెప్పింది, ఎవరి కాలు ఎటో, లోపల ఎవరెవరో. అన్నీ రాసి పంపుతున్నాను. మన ఇంటికి వచ్చేసరికి పోయినేటి పేర్లే చెప్పి, "తరవాతిల్లు" అంది. నీ పేరు చెప్పలేదు. నాకు ఒళ్ళు మండింది.

అందుకే ఒక మాట చెప్తాను, వదిన మాట విను. మన చీటీలో నీ పేరు నువ్వే పెట్టేసుకో. మెషిన్ నీ చేతిలో ఉంది. నానమ్మకి చదువు రాదు. పిల్లలకి తెలుగు చదవడం రాదు. ఇక మల్లేశు బాబాయి, కళ్ళజోడు పెట్టుకున్నాడంటే కాగితం మీద ఏముంటే అది చదివేస్తాడు, అర్థం తర్వాత తెలుసుకుంటాడు. ఓసారి పాటల పుస్తకం వెనకున్న ప్రెస్సు అడ్రసు కూడా రాగం తీసి పాడాడు. నీ పేరు ఒకసారి లైనులో మోగాక దాన్ని వెనక్కి తీసుకునేదెవరు? ఆ తర్వాత నానమ్మ నన్ను తిడుతుంది. నాకు అలవాటే.

పుష్ప


న్యూ టౌన్
నవంబరు 29

వదినా,

చీటీలన్నీ అయిపోయాయి. ఇదిగో, ఈ కవర్లో కొన్ని. మిగతావి విశాల్ భుజాన సంచిలో ఉన్నాయి, అవి కేకు డబ్బాకి అలంకరణ అని చెప్పాను. ఒక్కో కాలు విడిగా గీశాను. అప్పలలక్ష్మి గారి గుమ్మానికి ఎడమ, కూర్మయ్య గారికి తిన్నగా, తిరుపతిరావు గారికి కుడి. మీ లైనులో నేను నాలుగుసార్లు కూడా నడిచి ఉండను, ఇప్పుడు కళ్ళకి గంతలు కట్టినా ఎవరి గుమ్మం ఎక్కడో చెప్పగలను. నానమ్మ మీద కోపంతో మొదలుపెట్టాను గాని, చేస్తుంటే ఆవిడంటే గౌరవం వచ్చింది. అది ఇంకా బాధగా ఉంది.

మీరు చెప్పినట్టు నా పేరు పెడదామని కూర్చున్నాను కూడా. మన ఇంటి చీటీ తెర మీద ఉంది. విశాల్ పక్కన చోటుంది. నా పేరు కొట్టాను. చూశాను. బాగుంది. తీసేశాను.

నా పేరు నేను కోసుకుంటే అది చీటీ కాదు వదినా, విజిటింగ్ కార్డు. అలాంటివి ఆఫీసులో డబ్బా నిండా ఉన్నాయి. నన్ను ఎవరో ఒకరు తమ మనిషి అని రాయించాలి. నానమ్మ రాయించాలి. దొంగతనంగా నక్షత్రం కింద దూరితే, మల్లేశు బాబాయి గారు ఆ అరిగిన బ్రేకు గొంతుతో నా పేరు చదువుతుంటే, నేను నానమ్మ మొహం చూడగలనా?

నేను వేడుకోవడానికైనా ఆవిడ ఇక్కడికి రారు. ఇల్లు చేరిన కొత్తలోనే నానమ్మను తీసుకురమ్మంటే, ఆవిడకి లిఫ్టంటే చచ్చే భయం, పదకొండో అంతస్తంటే అసలు రాదు అన్నాడు మీ తమ్ముడు. ఇక ఆ మాట ఎత్తలేదు.

ఇరవైనాలుగు సాయంత్రం ఆఫీసులో డ్యూటీ అడిగి తీసుకున్నాను. విశాల్ వస్తాడు. నన్ను చూసి అందరూ జాలిపడుతుంటే మళ్ళీ కేకు తినే ఓపిక నాకు లేదు. కోపం తెచ్చుకోకండి.

కౌముది


ఖిదిర్‌పూర్
డిసెంబరు 7

ఆ అమ్మాయికి,

నాను నరసమ్మని. నాను సెప్తన్నాను, పుష్ప రాస్తంది. ఒక్క ముక్క మార్సినా నాకు తెలిసిపోతాది. రాసినాక మల్లేశుసేత సదివించుకుని ఇంటాను.

(నిజంగానే వింటుంది. నేను నోరు కట్టుకుని రాస్తున్నాననుకో. — పుష్ప)

పోయినాదివారం పుష్ప బజారుకెలితే, విశాల్ గుంటడు నీ కవరు నా సేతిలో ఎట్టి 'అక్క జాకెట్టు కొలతలు నానమ్మా' అన్నాడు. నొక్కి సూసినాను. లోపల కోసులు కోసులుగా తగిలినాయి. జాకెట్టుకి అయిదు సేతులుంటాయేటి? ఇప్పి సూస్తే నచ్చత్రాలు. కాలు ఏ గుమ్మానికి ఎటుండాలో అటే ఉంది. దుకాణమోడికి ఇంత బుద్ది రెండు వారాల్లో ఎక్కడిది అనుకుని, ఆ కాగితం మల్లేశుకిచ్చి సదవమన్నాను. కుళాయి కాడ. నీళ్ళొచ్చే యేళ.

(లైనంతా బిందెలతో ఉంది. నువ్వు ఊహించుకో. — పుష్ప)

మల్లేశు గట్టిగా సదివినాడు. 'అరిగిన బ్రేకు గొంతు' కూడా రాగం తీసే సదివినాడు. రెండు ముక్కలు ముందుకెలినాక ఆగి, "ఇది నన్నేటి?" అన్నాడు. ఆడు నీ మీద కోపంగా ఉన్నాడు. పరవానేదు, కేకు ఎట్టు, పోతాది.

నీ పేరు నువ్వు కోసుకోనన్న ముక్క కాడికొచ్చేతలికి మాత్రం బిందెలు నిండి పొర్లిపోతంటే ఎవులూ సూడనేదు. నాను లోపలికొచ్చి కూకున్నాను. నాకు ఏడుపొచ్చినాది. రాయే పుష్పా, ఏడుపొచ్చినాదనే రాయి.

ఇప్పుడు ఇను. నాకు నీ మీద కోపమే. పెళ్ళికి కాదు. సట్టపెళ్ళయితే ఏటి, పెళ్ళి పెళ్ళే. నా కోపం ఇంకోదానికి. ముందు సీటీ సంగతి సెప్తాను.

నాను పెళ్ళై ఈ లైనుకొచ్చినపుడు మా అత్త అమ్మన్నమ్మ సీటీలో నా పేరు అందరికన్నా సివర. మావ, అత్త, మరుదులు, ఆడపడుచులు, ఆల పిల్లలు, అప్పుడు నాను. ఒక యేడు పిల్లలు సరదాకి మేక పేరు కూడా ఎక్కించినారు. మేక తరవాత నాను. కొన్నాళ్ళకి కార్పొరేషనోలు మాకు పక్క గది ఇచ్చినారు. నా పొయ్యి నాకొచ్చినాది, నా గుమ్మం నాకొచ్చినాది. పేరు మాత్రం అత్త నచ్చత్రం కిందే. క్యారల్సోలు నా గుమ్మం దాటుకుని ఎలిపోతంటే నాను సీకట్లో నిలబడి సూసేదాన్ని. అప్పుడనుకున్నాను. కత్తెర నా సేతికొస్తే, సొంత పొయ్యున్న ఏ ఆడదాని పేరూ ఇంకో ఆడదాని నచ్చత్రం కింద ఎట్టను.

(ఇది నాకు ఇవాళే తెలిసింది. — పుష్ప)

మరి విశాల్ పేరెందుకు ఎట్టినావంటావు. ఆడు మగోడు, ఎక్కడ కూడు దొరికితే అక్కడ తిరుగుతాడు, ఆడి పేరు ఎక్కడున్నా ఒకటే. నీకు గుమ్మముంది. నీ నచ్చత్రం ఆ గుమ్మానికుండాల. ఆ గుమ్మం నాను సూడనేదు. కాలు ఎటు తిప్పి కొయ్యమంటావు?

నా కోపం ఇదే. కొత్తింట్లో సేరినారు, పార్దన ఎట్టించనేదు, నన్ను పిలవనేదు. ఇయ్యాల పిలుస్తాది, రేపు పిలుస్తాది అని రెండేళ్ళు సూసినాను. విశాల్నడిగితే "తనకి ఆపీసులో పనెక్కువ నానమ్మా, ఎవరొచ్చినా సిరాకు" అన్నాడు. నీకేమో నాకు లిఫ్టంటే బయమని సెప్పినాడా? హుగ్లీలో గాలివానప్పుడు లాంచీ ఎక్కినదాన్ని నాను, లిఫ్టుకి బయపడతానా? ఇద్దరు ఆడోలు ఒక గదిలో కూకుంటే తన సెవులు ఊడతాయని ఆడి బయం.

(చేతికి దొరకనీ వాణ్ణి. — పుష్ప)

నచ్చత్రాలు బాగున్నాయి. నాను కోసినట్టే ఉన్నాయి. అప్పలలక్ష్మిది కాలు ఇంకొంచెం పొడుగుండాల్సింది.

కబురుకి రాను. ఫోనుకి రాను. పిలుపు రావాల.

నరసమ్మ
(సంతకం బదులు ఇది ఆవిడే నొక్కిన వేలిముద్ర. సిరా పిల్లల స్కెచ్ పెన్నుది. — పుష్ప)


న్యూ టౌన్
డిసెంబరు 8

నానమ్మకి,

ఇది కార్డు. మీద ఉన్న గుమ్మం మా గుమ్మమే, మెషిన్‌తో కోశాను. తలుపు రెక్క తెరుచుకుంటుంది, వేలితో తీసి చూడండి. నక్షత్రం లేదు. ఎటు కట్టాలో నాకు తెలియదు.

డిసెంబరు ఇరవైనాలుగు సాయంత్రం మా ఇంటికి మీరు రావాలి. క్యారల్స్ వాళ్ళందరినీ తీసుకుని రావాలి. ఇల్లు చేరినప్పుడు పెట్టించని ప్రార్థన మీరొచ్చి పెట్టించాలి. డ్యూటీ మార్చుకున్నాను. మిమ్మల్ని పిలవకపోవడం నా తప్పే. ఎవరో రారన్నారని ఊరుకోకూడదు, వచ్చి మీ కాళ్ళ దగ్గర కూర్చుని పిలవాల్సింది.

మల్లేశు బాబాయి గారికి విడిగా కేకు ఉంది. పెద్దది.

ఈ కార్డు విశాల్‌తో పంపడం లేదు. రేపు ఆఫీసుకి సెలవు పెట్టి నేనే తెస్తున్నాను. మీరు తలుపు తీస్తే చేతికిస్తాను, తీయకపోతే గుమ్మంలో పెట్టి అక్కడే కూర్చుంటాను.

కౌముది


న్యూ టౌన్
డిసెంబరు 25

వదినా,

బృందమంతా తిరిగొచ్చాక తినడానికి ఎవరో ఒకరు వండాలని మీరు లైనులోనే ఉండిపోయారు. ఎంత పెద్ద తప్పు చేశారో చెప్తాను, కుళ్ళుకోండి.

అన్నయ్య గారు మాట్లాడిన మెటడార్ వ్యాన్ గేటు దగ్గర ఆగింది. డోలు, తాళాలు, నక్షత్రం కట్టిన వెదురుబొంగు అన్నీ దిగాయి. వాచ్‌మన్ హడలిపోయి, ఏ ఫ్ల్యాట్, ఎవరి పేరు, రిజిస్టర్‌లో రాయాలి అన్నాడు. నానమ్మ తన కార్పొరేషన్ బెంగాలీలో, "ఆమార్ నాత్‌బౌ బాడి, బాబా! మనవడి పెళ్ళాం ఇల్లు! నీ బుక్కులో అదే రాసుకో" అంది. అతను రాసుకున్నాడు. నేను తర్వాత వెళ్ళి చూశాను, బెంగాలీలో అలాగే రాసి ఉంది.

లిఫ్టు ఎక్కింది. మధ్యలో నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. భయమా నానమ్మా అంటే, నీకు భయమేస్తుందని పట్టుకున్నానంది.

పదకొండో అంతస్తులో మా తలుపు ముందు కుర్చీ వేయించుకుని కూర్చుంది. ఎడమ నుంచి చూసింది, కుడి నుంచి చూసింది. మెషిన్ బయటికి తెమ్మంది. ఎక్స్‌టెన్షన్ బోర్డు లాగి వరండాలోనే పెట్టాను. ఎదురింటి ముఖర్జీ గారు, వాళ్ళావిడ, పక్కింటి మార్వాడీ పిల్లలు అందరూ బయటికొచ్చి నిలబడ్డారు. నానమ్మ చెప్తుంటే కాలు గీశాను. "కుడికి. అబ్బా, అంత కాదు. ఇంకొంచెం. ఆ, అక్కడాపు."

పేర్లు చెప్పబోయే ముందు, "నీ పొయ్యి సూపించు" అని లోపలికి నడిచింది. వంటిల్లు చూసింది. అద్దంలా ఉంది. మెచ్చుకుంది. "ఉప్పెక్కడే?" అంది.

వదినా, నాకు ఉప్పు ఎక్కడుందో తెలియదు.

వంట విశాల్ చేస్తాడు. మొదటి నుంచీ తనే. నాకు టీ తప్ప ఏమీ రాదు. ఈ సంగతి మీకు కూడా చెప్పలేదు, ఆవిడ నియమం చదివినప్పుడే ఇది బయటపడుతుందనుకున్నాను. విశాల్ వెనక నుంచి పై అలమర వైపు కళ్ళతో సైగ చేస్తున్నాడు. ఒక్క అబద్ధం చాలు. చెయ్యెత్తి ఆ సీసా తీస్తే అయిపోయేది. నేను తియ్యలేదు. "నానమ్మా, ఈ పొయ్యి నాది కాదు, ఆయనది. నాకు వంట రాదు. మీ లెక్క ప్రకారం నాకు నక్షత్రం రాదేమో" అన్నాను. ఇంత దూరం వచ్చాక ఉప్పు సీసా దగ్గర పోగొట్టుకున్నాననుకున్నాను.

నానమ్మ విశాల్ వైపు తిరిగింది. "ఒరే, నిజమేనేటి? నువ్వు వొండుతావా? ఏటి వొండుతావు?" అంది. అన్నం, పప్పు, చేపల పులుసు అన్నాడు, నేరం ఒప్పుకున్నట్టు. పులుసు గిన్నె మూత తీసి వేలు ముంచి నాకింది. మూత మళ్ళీ పెట్టింది. మల్లేశు బాబాయి గుమ్మంలో గొంతు సవరించుకుంటున్నాడు, ఆయనకి భయమేసినట్టుంది.

బయటికొచ్చి కుర్చీలో కూర్చుంది. "రాయి" అంది నాతో. నేను మెషిన్ ముందు కూర్చున్నాను. "పొయ్యి ఎవులిదైతే ఏటి? నన్నీ గుమ్మానికి పిలిచింది ఎవులు? పిలిచినోల్ల పేరే ముందుండాల." ఇంతకాలం తన నోట రాని ఆ పేరు చెప్పింది. "కౌముది. తరవాత విశాల్." మీ లైనంతటికీ రాసిన ఈ చేతులకి నా పేరు రాయడం రాలేదు వదినా. రెండుసార్లు తప్పు కొట్టాను.

మల్లేశు బాబాయి చీటీ అందుకుని, కళ్ళజోడు పెట్టుకుని, నా వంక ఒకసారి చూసి, "బ్రేకు ఏసుకుని సదవనా, ఏసుకోకుండానా?" అన్నాడు. అందరూ నవ్వారు. తర్వాత చదివాడు. ముందు నా పేరు. ఎంత గట్టిగా చదివాడంటే పన్నెండో అంతస్తు నుంచి తొంగి చూశారు. పాస్టరు గారు ఆ రెండు పేర్లతో ప్రార్థన చేశారు. నేను ఏడ్చాను, దాచుకోకుండా. ముఖర్జీ గారి భార్య వచ్చి, తమ గుమ్మానికి కూడా ఒకటి చేసివ్వమంది. నానమ్మ నియమం ఏమిటో విశాల్ బెంగాలీలో చెప్తే, "మేమూ పిలుస్తాం కదా!" అంది మల్లేశు బాబాయితో. నానమ్మ వెంటనే లేచి వాళ్ళ తలుపు చూడ్డానికి వెళ్ళింది.

క్యారల్స్ వాళ్ళు మీ వైపు వచ్చేశారు, ఆవిడ మాత్రం రాలేదు. పులుసులో చింతపండు తగ్గిందట, విశాల్‌కి నేర్పేదాకా ఇక్కడే ఉంటుందట. ఆవిడ బట్టల సంచీ, చేతికి రాసుకునే నూనె పంపండి. విశాల్‌కి తెలుగు అక్షరాలు కూడా మొదలయ్యాయి, గురువు నేను, బెత్తం నానమ్మ. ఇక ఉత్తరాల్లో కొంచెం జాగ్రత్తగా ఉండాలి మనం.

ఉంటాను. నానమ్మ పిలుస్తోంది. "ఒలే కౌముదీ!" అని పొద్దుట్నుంచి ఇలాగే పిలుస్తోంది. వెళ్ళి ఏంటి నానమ్మా అంటే, ఏమీ లేదంటుంది. పనేమీ లేదు వదినా. ఊరికే పిలుస్తోంది.

కౌముది